మొదటి హామ్ సెట్టు, వెంట తీసుకెళ్లే యాంటెన్నా: గంజాం నుంచి కోరాపుట్ దాకా కొండసీమ తెలుగువాళ్ల కోసం

"పరీక్ష పాసయ్యాను, ఏ సెట్టు కొనమంటారు?" అని హామ్ రేడియోలోకి, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా వైర్‌లెస్‌లో మాట్లాడుకునే వ్యాపకంలోకి, కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అడిగేది బరంపురం వాళ్లైనా, పర్లాకిమిడి వాళ్లైనా, రాయగడ, జయపురం వాళ్లైనా నా ఎదురుప్రశ్న ఒకటే. మీరు ఎవరితో మాట్లాడాలి? మీకూ వాళ్లకూ నడుమ పొలాలున్నాయా, కొండ ఉందా? దీనికి జవాబు దొరికితే ఏ యాంటెన్నా కావాలో తెలుస్తుంది. యాంటెన్నా తేలాక సెట్టు ఎంచుకోవడం తేలిక. ఉన్న డబ్బంతా సెట్టుకు పెట్టేసి, మిగిలిన చిల్లరతో యాంటెన్నా సంగతి చూద్దామనుకుంటే మాత్రం మన కొండల మధ్య ఆ సెట్టు బీరువాలోనే ఉండిపోతుంది.

ఈ జిల్లాలవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలని నేననడానికి కారణం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. కరెంటు స్తంభాలు కూలిన రోజున టవరు బ్యాటరీ ఉన్నంతసేపే ఫోను మోగుతుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి హామ్ రేడియో మీద బయటి ప్రపంచానికి కబురు అందించారు. యాంటెన్నా అప్పటికే కట్టి ఉంది, దాన్ని వాడి చేయి తిరిగిన మనిషి పక్కనే ఉన్నారు. అందుకే అది సాధ్యమైంది.

ముందు కాగితాలు

లైసెన్సు చేతికి రాకుండా సెట్టు కొనకండి. మన దేశంలో హామ్ లైసెన్సు రెండు తరగతులు: రెస్ట్రిక్టెడ్, జనరల్. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు. దరఖాస్తు టెలికమ్యూనికేషన్ల శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టాలి. రెస్ట్రిక్టెడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. జనరల్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి. రెస్ట్రిక్టెడ్ వాళ్ల పిలుపు పేరు (కాల్ సైన్) వీయూ3తో, జనరల్ వాళ్లది వీయూ2తో మొదలవుతుంది. షార్ట్‌వేవ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) రెస్ట్రిక్టెడ్ వాళ్లు 50 వాట్లు దాటకూడదు. కాబట్టి 100 వాట్ల సెట్టు కొన్నా దాన్ని సగానికి తగ్గించి వాడాల్సిందే. మొదటి సెట్టు ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

లైసెన్సు వచ్చేలోపు వినడం అలవాటు చేసుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి వినగలిగే, కంప్యూటరు ప్రోగ్రాముతో పనిచేసే ఎస్‌డీఆర్ రిసీవర్లు చాలా ఉన్నాయి. పొద్దున్నే మనకు దగ్గర్లో ఉన్న ఒక రిసీవరు తెరిచి 7 మెగాహెర్ట్జ్ నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు, ఎల్‌ఎస్‌బీ మోడులో (ఈ పౌనఃపున్యాల్లో మాటకు వాడే పద్ధతి) మెల్లగా తిప్పండి. తెలుగులో, ఒడియాలో, హిందీలో, తమిళంలో కబుర్లు చెప్పుకునేవాళ్లు తగులుతారు. ఎవరు ఎలా పిలుస్తున్నారు, ఎంత ఆగి మాట్లాడుతున్నారు, పేరునూ ఊరునూ ఎలా విడమరిచి చెబుతున్నారు అన్నది పది రోజులు వింటే పుస్తకం కంటే బాగా తలకెక్కుతుంది.

దూరాన్ని బట్టి బ్యాండు

కొత్తవాళ్లకు దొరికే తోవలు ముఖ్యంగా రెండు. ఒకటి 2 మీటర్ల బ్యాండు (బ్యాండు పేరులోని మీటర్లు తరంగం పొడవు), మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. చేతిలో పట్టుకునే సెట్లు పనిచేసేది ఇక్కడే. 70 సెంటీమీటర్ల బ్యాండు, అంటే 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ కూడా ఈ కోవలోదే. రెండోది షార్ట్‌వేవ్. అందులో మనకు ముందు కావాల్సింది 40 మీటర్ల బ్యాండు, అంటే పైన చెప్పిన 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్.

2 మీటర్ల తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే వెళుతుంది. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుందో వస్తుంది. మనిషి నిలబడి సెట్టు చేత్తో పట్టుకుంటే ఆ ఎత్తు మీటరున్నర, అంటే సుమారు 5 కిలోమీటర్లు. అవతలి మనిషిదీ అంతే కాబట్టి చదునైన నేల మీద ఇద్దరికీ కలిపి 10 కిలోమీటర్లు. యాంటెన్నాను మేడ మీద గెడకెత్తి 9 మీటర్లు చేస్తే మీ వైపు ఒక్కటే 12 కిలోమీటర్లు దాటుతుంది. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఆ శిఖరం మీద నిలబడితే అదే చిన్న సెట్టుకు 160 కిలోమీటర్ల చూపు. శివరాత్రికి కొండెక్కేటప్పుడు లైసెన్సున్న హామ్ ఎవరైనా సెట్టు తీసుకెళ్తే ఇటు ఒడిశా తీరం, అటు శ్రీకాకుళం జిల్లా చాలావరకు వారి చెవికి అందుబాటులో ఉంటాయి.

అదే మనిషి కొండకు ఈవల లోయలో ఉంటే లెక్క తిరగబడుతుంది. మోహన వైపో, గుణుపురం వెనకాల కొండల్లోనో ఉన్న ఊరికి, అవతలి లోయలోని ఊరు గాలిగీత మీద 8 కిలోమీటర్లే అయినా 2 మీటర్లలో మాట వినపడకపోవచ్చు. 5 వాట్ల సెట్టు పక్కనపెట్టి 50 వాట్ల సెట్టు తెచ్చినా కొండ కొండలాగే ఉంటుంది. ఎత్తయిన చోట రిపీటరు (విన్నదాన్ని మళ్లీ పంపే స్టేషను) ఉంటే తప్ప అది తీరదు.

40 మీటర్ల బ్యాండు ఇక్కడే అక్కరకొస్తుంది. తీగ యాంటెన్నాను నేలకు మరీ ఎత్తుగా కాకుండా 5 నుంచి 10 మీటర్ల మధ్య అడ్డంగా కడితే తరంగం ఎక్కువ భాగం నిట్టనిలువునా పైకి పోతుంది. ఆకాశంలో చాలా ఎత్తున తరంగాలను వెనక్కి తిప్పే పొర, అయనావరణానికి తగిలి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వాన పడ్డట్టు కిందికి దిగుతుంది. పైనుంచి దిగేదానికి కొండ అడ్డం రాదు. పర్లాకిమిడి నుంచి విశాఖపట్నం సూటిగా సుమారు 150 కిలోమీటర్లు, భువనేశ్వర్ సుమారు 250. పగటిపూట 20 వాట్లతో ఈ రెండూ అందే దూరాలే. హైదరాబాదు 600 కిలోమీటర్లు, అదీ చాలా రోజుల్లో వస్తుంది. చీకటి పడ్డాక 40 మీటర్లలో దగ్గరి ఊళ్లు పోయి దూరపు ఊళ్లు వినపడతాయి. అప్పుడు దగ్గరివాళ్లతో మాట్లాడాలంటే 80 మీటర్ల బ్యాండుకు దిగాలి. దానికి ఇంకా పొడవైన తీగ కావాలి కాబట్టి ఆ పని తర్వాత చూసుకోవచ్చు.

అందుకని నా సలహా ఇది. ఊళ్లో, మేడల మధ్య, బరంపురం లాంటి పట్నంలో హామ్ మిత్రులు ఉంటే 2 మీటర్ల చేతిసెట్టుతో మొదలుపెట్టండి. కొండ ప్రాంతంలో ఒంటరిగా ఉంటే చేతిసెట్టు మీద ఆశ పెట్టుకోకుండా డబ్బు పోగుచేసి నేరుగా 40 మీటర్లకు వెళ్లండి.

చేతిసెట్టు

బావోఫెంగ్ యూవీ-5ఆర్, క్వాన్‌షెంగ్ యూవీ-కే5 లాంటివి కొన్ని వేల రూపాయల్లో వచ్చే రెండు బ్యాండ్ల సెట్లు. అవి 5 వాట్ల లోపే. యాసూ ఎఫ్‌టీ-65 లాంటివి వాటికంటే ఖరీదు, కానీ పక్కన బలమైన స్టేషను ఉన్నప్పుడు వాటి రిసీవరు తట్టుకుంటుంది, వాన జల్లుకూ ఆగుతుంది. మొదటి సెట్టుగా చౌకది తప్పేమీ కాదు. కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. ఈ చౌక సెట్లు హామ్ బ్యాండు దాటి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా పంపగలవు. అందులో పోలీసులు, ఓడలు, ఇతర శాఖలు వాడే పౌనఃపున్యాలున్నాయి. పొరపాటున మీట నొక్కినా నేరమే. సెట్టు చేతికి రాగానే 144 నుంచి 146 లోపలి చానెళ్లు మాత్రమే మెమరీలో పెట్టుకుని, కీబోర్డు తాళం వేసి వాడండి.

ఆన్‌లైన్ అంగళ్లలో అనుమతి లేని వాకీటాకీల అమ్మకం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు తెచ్చింది. లైసెన్సు అడగకుండా అమ్మేవాళ్ల దగ్గర కాకుండా, లైసెన్సు నకలు తీసుకుని బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. పాత సెట్టైతే ఇంకో హామ్ దగ్గర కొని, ఇద్దరి పిలుపు పేర్లతో కాగితం రాసుకోండి.

సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబులో ఇమిడేందుకు చేసింది, దూరం కోసం కాదు. దానికి ఖర్చులేని మందు ఒకటుంది. 49 సెంటీమీటర్ల సన్నని తీగ తీసుకుని, ఒక కొనను యాంటెన్నా మొదట్లో ఉండే లోహపు గట్టుకు తగిలేలా చుట్టి, మిగతాది కిందికి వేలాడదీయండి. కొండదారిలో నడిచేటప్పుడు అవతలివాళ్లకు వినపడే తేడా మీకే తెలుస్తుంది. యాంటెన్నా మార్చేటప్పుడు కనెక్టరు చూడండి. బావోఫెంగ్ సెట్టు మీద ఉండేది మగ ఎస్ఎమ్ఏ, యాసూ మీద ఉండేది ఆడ ఎస్ఎమ్ఏ. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. బరువైన కేబుల్‌ను నేరుగా సెట్టుకు తగిలించకండి. మధ్యలో జానెడు మెత్తని కేబుల్ ముక్క ఉంటే కనెక్టరు విరగదు.

2 మీటర్లకు ఇంట్లో చేసుకునే యాంటెన్నా

డబ్బు పెట్టి కొనేముందు దీన్ని ఒకసారి చేసి చూడండి. ఒక మధ్యాహ్నం పని. కావాల్సినవి: నాలుగు చిల్లులున్న ఎస్ఓ-239 సాకెట్టు (కేబుల్ తిప్పి బిగించే కనెక్టరు) ఒకటి, 10 గేజు రాగి తీగ రెండు మీటర్ల ముప్పావు, నాలుగు చిన్న బోల్టులు నట్లతో, ఒక అంగుళం పీవీసీ గొట్టం.

ముందు 50 సెంటీమీటర్ల ముక్క కోసి ఒక కొనను గీకి, సాకెట్టు మధ్య పిన్నులో నిలబెట్టి టంకం పెట్టండి. రాగి వేడిని లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల టంకం ఇనుముతో అది పట్టదు, కనీసం 60 వాట్లది కావాలి. టంకం మెరుస్తూ పారి పిన్ను అంచు దాకా వెళ్లిందా, ముద్దలా పైనే నిలిచిందా చూసుకోండి. ముద్దగా ఉంటే మళ్లీ వేడిచెయ్యండి, లేదంటే మొదటి గాలివానకే ఊడుతుంది. తర్వాత 53 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, ఒక్కోదాని కొన చిన్న ఉంగరంలా వంచి నాలుగు చిల్లులకూ బోల్టుతో బిగించండి. వాటిని గొడుగు కమ్మీల్లా 45 డిగ్రీలు కిందికి వంచాలి. అలా వంచితేనే 50 ఓముల కేబుల్‌కు సరిగ్గా కుదురుతుంది.

కేబుల్‌ను పీవీసీ గొట్టంలోంచి పైకి తీసి సాకెట్టుకు తిప్పి, గొట్టాన్ని వెదురు గెడకు కట్టండి. ఇక కొలత. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చేది ఎంతో సూచించే అంకె, 1కి దగ్గరైతే మంచిది) మీటరో, యాంటెన్నాను కొలిచే చిన్న నానోవీఎన్ఏ పరికరమో ఉంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి. గీత కనిష్ఠం, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తక్కువగా ఉండే చోటు, 145 కంటే కింద ఉంటే నిలువు తీగ పొడవెక్కువని అర్థం, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించండి. చివరికి అది 49 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వచ్చిందంటే చాలు, ఆ తర్వాత దాన్ని 1.1 చెయ్యాలని వెంటపడకండి. తీగల కొనలు కంటికి గుచ్చుకునే ఎత్తులో ఉంటాయి కాబట్టి చివర్లకు టోపీలు పెట్టండి, పిల్లలున్న ఇంట్లో మరీను.

కేబుల్ దగ్గర పొదుపు, కేబుల్ దగ్గరే నష్టం

ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్ల పొడవుకు దాదాపు సగం శక్తిని తినేస్తుంది. 5 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది రెండున్నర. అవతలి నుంచి వచ్చేదీ అంతే తగ్గుతుంది. లావుపాటి ఆర్‌జీ-213లో నష్టం అందులో సగం కంటే తక్కువ, కానీ బరువు, ఖరీదు. 40 మీటర్ల బ్యాండుకు అదే 15 మీటర్ల ఆర్‌జీ-58 హాయిగా సరిపోతుంది, అక్కడ నష్టం లెక్కలోకి రాదు.

మన ఊళ్లలో కేబుల్ టీవీ అబ్బాయిల దగ్గర దొరికే ఆర్‌జీ-6 మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. అది 75 ఓములది, హామ్ సెట్టు 50 ఓములది. ఆ తేడా వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దగ్గరకో, కేబుల్ పొడవును బట్టి సెట్టు దగ్గర ఇంకాస్త పైకో పోతుంది, అంతకుమించి ప్రమాదం లేదు. పైగా 145 దగ్గర ఆర్‌జీ-58 కంటే తక్కువ తింటుంది. చిక్కల్లా పైనున్న అల్లిక అల్యూమినియంది కావడం. దానికి టంకం పట్టదు. నొక్కి బిగించే ఎఫ్ కనెక్టరు పెట్టి, దాని మీద బీఎన్‌సీకో పీఎల్-259కో మార్చే అడాప్టరు తగిలించుకోవాలి.

40 మీటర్లకు సెట్టు

ఇక్కడ ధరల తేడా పెద్దది. ఐకామ్ ఐసీ-7300, యాసూ ఎఫ్‌టీ-891 వంటివి 100 వాట్ల సెట్లు. ఐసీ-7300 ఖరీదు లక్ష దాటుతుంది. ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి అది చక్కటి సెట్టు, తెర మీద బ్యాండంతా కనబడుతుంది. కానీ మొదటి సెట్టును సంచిలో వేసుకుని తోటకో, కొండకో తీసుకెళ్లాలనుకునేవాళ్లకు, అందునా 50 వాట్ల హద్దున్న రెస్ట్రిక్టెడ్ వాళ్లకు అంత అక్కర్లేదు. 20 వాట్ల గ్జీగూ జీ90 మంచి ఎంపిక. అందులోనే యాంటెన్నా ట్యూనరు ఉంది, తీగ కొలత కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. 20 వాట్లకూ 100 వాట్లకూ అవతలివాళ్ల మీటరు మీద ఒక గీత కంటే కాస్త ఎక్కువ తేడా, అంతే. ఆ తేడాను యాంటెన్నా ఇంకాస్త మంచిచోట కట్టి కొంతవరకు పూడ్చుకోవచ్చు.

చేత్తో పనిచేయడం ఇష్టమైనవాళ్లకు మన హైదరాబాదు సెట్టే ఉంది. వీయూ2ఈఎస్ఈ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్లు ప్రపంచమంతా హామ్‌లు కట్టుకున్నారు. మైక్రో బిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, కింది బ్యాండ్లలో 10 వాట్ల దాకా ఇస్తుంది. సర్క్యూటు అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి పాడైతే మనమే విప్పి బాగుచేసుకోవచ్చు. సర్వీసు సెంటరు ఏ మహానగరంలోనో ఉండే మనలాంటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

పాత సెట్టు కొంటే కచ్చితంగా పెట్టి చూడండి. డమ్మీ లోడుకు (యాంటెన్నా బదులు శక్తిని మింగే నిరోధకం) తగిలించి అన్ని బ్యాండ్లలోనూ శక్తి వస్తోందా, మైకు మీట నొక్కినప్పుడల్లా పంపుతోందా, పావుగంట వాడాక పౌనఃపున్యం జారుతోందా చూసుకోవాలి. ట్యూనరు ఉన్నా పనిచేయడం లేదని చెప్పి ధర తగ్గించేవాళ్లుంటారు. మంచి తీగ కట్టుకోగలిగితే ట్యూనరు లేని సెట్టు కూడా బేరమే.

సంచిలో పట్టే తీగ యాంటెన్నా

చివరల్లో తగిలించే ట్రాన్స్‌ఫార్మరు యాంటెన్నాలు, పొట్టి కడ్డీలు, గుండ్రటి లూపులు అంటూ బజారులో రకరకాలు ఉన్నాయి. మొదటిదానికి నేను డైపోల్‌నే కట్టమంటాను. రెండు తీగలు, మధ్యలో కేబుల్. దాచేదేమీ లేదు, చెడేదేమీ లేదు. ఎందుకు పనిచేస్తోందో, ఎందుకు చెయ్యడం లేదో చూస్తేనే తెలుస్తుంది.

లెక్క: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల 14 సెంటీమీటర్లు, అంటే ఒక్కో చెయ్యి 10 మీటర్ల 7 సెంటీమీటర్లు. ఇళ్లకు వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు సరిపోతుంది. వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటే పొడవు రెండు మూడు శాతం తగ్గుతుంది. అయినా ముందు 10 మీటర్ల 40 సెంటీమీటర్లు కోసుకోండి. కత్తిరించడం తేలిక, అతకడం కష్టం.

20 మీటర్ల బ్యాండు (14 మెగాహెర్ట్జ్) కూడా కావాలంటే మధ్య నుంచి రెండు వైపులా 5 మీటర్ల 3 సెంటీమీటర్ల దగ్గర తీగను తెంపి, రెండు ముక్కల మధ్యా అరచేయంత నైలాన్ తాడు ముడివేసి, తీగ కొనలకు మొసలి క్లిప్పులు పెట్టండి. క్లిప్పు కలిపితే 40 మీటర్లు, విప్పితే 20 మీటర్లు. అలా ఒకే తీగతో రెండు బ్యాండ్లు.

మధ్య భాగం చేసేటప్పుడు తీగ బరువు టంకం మీద పడకూడదు. పాత ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ముక్క అరచేతి వెడల్పున కోసి, అందులో మూడేసి చిల్లులు పెట్టి, తీగను ఒక చిల్లులోంచి దూర్చి రెండోదానిలోంచి వెనక్కి తెచ్చి బిగించాక మిగిలిన కొసను సాకెట్టుకు టంకం పెట్టండి. కిందికి దిగే కేబుల్‌ను కూడా బోర్డుకు జిప్ టైతో కట్టాలి. మధ్య భాగానికి ఆనుకుని కేబుల్‌ను జానెడు వ్యాసంలో పది పన్నెండు చుట్లు చుట్టి టేపు వేస్తే, కేబుల్ బయటి అల్లిక మీద తిరుగు కరెంటు కొంత ఆగుతుంది. ఫెరైటు రింగు దొరికితే 40 మీటర్లకు అదింకా మేలు. మాట్లాడేటప్పుడు మైకు పెదవికి చురుక్కుమంటే ఆ తిరుగు కరెంటే కారణం.

ఎత్తడం సంగతి. మన వైపు వెదురుకు కొరత లేదు. 7 మీటర్ల ఎండు వెదురు గెడ మధ్యలో నిలబెట్టి, రెండు చేతులూ తలకిందుల 'వీ' ఆకారంలో దించి, చివర్లను తాళ్లతో మేకులకు కట్టండి. మధ్యలో రెండు చేతుల నడుమ కోణం 90 డిగ్రీల కంటే తగ్గకూడదు, 120 ఉంటే ఇంకా మంచిది. చెట్టుంటే గెడ అక్కర్లేదు. ఉండేలుతో సీసపు గుండు కట్టిన గేలపు దారాన్ని కొమ్మ మీదుగా వేసి, ఆ దారంతో నైలాన్ తాడు లాగి, తాడుతో యాంటెన్నా లాగాలి. కొబ్బరిచెట్టు మట్టలు ఊగుతాయి కాబట్టి దానికంటే మామిడి, చింత నయం. తోట వేరేవాళ్లదైతే "బాబాయ్, ఒక గంట తీగ కట్టుకుంటాం, కాయ జోలికి పోం" అని అడిగి కట్టండి. ఏం చేస్తున్నారో చూడటానికి వాళ్లే పక్కన కూర్చుంటారు.

కట్టాక కొలవండి. కనిష్ఠం 6.9 దగ్గర కనబడితే తీగ పొడవెక్కువ. రెండు వైపులా 10 సెంటీమీటర్లు తగ్గిస్తే గీత సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. దీన్ని పట్టుకుని లెక్కేసి రెండు మూడు విడతల్లో 7.1కి తెచ్చుకోండి. కోసెయ్యకుండా కొసను వెనక్కి మడిచి చుట్టినా చాలు, మరో చోట ఎత్తు మారితే మళ్లీ విప్పుకోవచ్చు. నానోవీఎన్ఏ తగిలి ఉండగా సెట్టు మీట మాత్రం ఎప్పుడూ నొక్కకండి, అది ఆ క్షణమే పోతుంది.

కరెంటు

జీ90 లాంటి సెట్టు పంపేటప్పుడు 7, 8 ఆంపియర్లు, వినేటప్పుడు ఒక ఆంపియరు లోపు తీసుకుంటుంది. ఐదో వంతు సమయం మాట్లాడి మిగతాది వింటే సగటున 2 ఆంపియర్లు. 12.8 వోల్టుల 10 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ అలా ఐదు గంటలు వస్తుంది. యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీ చౌకే, కానీ లోడు పడగానే వోల్టేజీ జారుతుంది. 100 వాట్ల సెట్లకు కనీసం 11.7 వోల్టులు కావాలి, అంతకంటే పడిపోతే మాట గరగరమంటుంది. ఇంట్లో ఇన్వర్టరు కింద ఉండే పెద్ద బ్యాటరీ నుంచి ఒక జత లావు వైర్లు తీసుకుంటే కరెంటు పోయిన రోజున అదే మీ స్టేషను. ఏ బ్యాటరీ అయినా ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, సెట్టు పక్కన కాదు. ఇన్వర్టరు నడుస్తుండగా బ్యాండంతా బుర్రుమంటే దాన్ని ఆపి వినండి. చౌక ఎల్ఈడీ బల్బులు, సోలారు చార్జి కంట్రోలర్లు కూడా అదే పని చేస్తాయి. ఒక్కోదాన్ని ఆపుతూ పోతే దొంగ దొరుకుతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోకుండా

కరెంటు తీగల కింద, పక్కన యాంటెన్నా ఎత్తకండి. గెడ ఏ వైపు పడినా, ఆపైన ఇంకో 3 మీటర్లు కలిపినా, తీగకు తగలని చోటు వెతకండి. 11 కేవీ లైను దగ్గర వెదురు గెడ కూడా రక్షణ కాదు, తడిస్తే కరెంటు పారుతుంది. డైపోల్ చివర్లలో పంపేటప్పుడు వోల్టేజీ ఎక్కువ, మనుషులకూ పశువులకూ అందని ఎత్తులో కట్టండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినపడితే యాంటెన్నా విప్పి కేబుల్‌ను ఇంటి బయట పెట్టెయ్యండి. మెరుపు దూరంగానే ఉంది కదా అని ఆగకండి.

మరో సంగతి మన జిల్లాలకే ప్రత్యేకం. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి అడవుల్లో చాలా ఏళ్లుగా భద్రతా బలగాల గస్తీ ఉంది. చెట్టు మీదికి తీగ, చేతిలో వాకీటాకీ కనబడితే ఎవరికైనా అనుమానం రావడం సహజం. బయటికి వెళ్లేముందు దగ్గరి పోలీసు స్టేషనులో మీ లైసెన్సు నకలు, వెళ్లే చోటు, వేళ రాసిన కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. అడవి శాఖ నేలైతే వాళ్లనూ అడగండి. లైసెన్సు అసలు ప్రతి సంచిలో ఉండాలి. ఊరివాళ్లు గుమిగూడితే దాచకుండా స్పీకరు శబ్దం పెంచి వినిపించండి, ఏమిటో చెప్పండి.

మొదటి పిలుపు

పొద్దున 7 గంటలకు సెట్టు 40 మీటర్ల బ్యాండులో, ఎల్ఎస్‌బీలో పెట్టి ముందు వినండి. ఖాళీగా ఉన్న చోట "ఈ పౌనఃపున్యం వాడుకలో ఉందా?" అని రెండుసార్లు అడిగి ఆగండి. జవాబు రాకపోతే సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) మూడుసార్లు, మీ పిలుపు పేరు అక్షరం అక్షరం విడదీసి రెండుసార్లు చెప్పి మీట వదలండి. ఎవరూ పలకకపోతే, ఇద్దరు మాట్లాడుకుంటున్న చోటుకు వెళ్లి వాళ్లు ఆగిన సందులో పిలుపు పేరు ఒక్కసారి చెప్పండి. కొత్త వీయూ3 అంటే పెద్దవాళ్లు ఆదరంగా పిలుస్తారు. పేరు, ఊరు, మీరెలా వినపడుతున్నారన్న రిపోర్టు మార్చుకోండి. "తమ్ముడూ, నీ ఆడియో కాస్త మందంగా ఉంది, మైకు దూరం పెట్టు" అని ఎవరైనా అంటే రాసుకోండి.

తేదీ, వేళ, పౌనఃపున్యం, అవతలి పిలుపు పేరు, రిపోర్టు లాగ్‌బుక్కులో ఉండాలి. వాటితోపాటు ఆ రోజు యాంటెన్నా ఎంత ఎత్తున, ఏ చెట్టుకు, ఏ దిక్కుకు కట్టారో కూడా రాయండి. అలా ఒక సీజను రాసుకుంటూ పోతే గుణుపురంలో 6 మీటర్ల ఎత్తున కట్టిన రోజు విశాఖ ఎంత బాగా వచ్చిందో, 10 మీటర్లకు ఎత్తితే హైదరాబాదు ఎంత పెరిగిందో ఆ పుస్తకమే చెబుతుంది. మీరు తర్వాత కొనాల్సింది కొత్త సెట్టా, ఇంకో పొడవు గెడా అన్నది దాన్ని చూసి నిర్ణయించుకోండి.